ఇమ్మానుయేలు బాకీ

మా ఆయన పోయిన రోజు నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఏడాదంతా ఆ మిరప చేను చుట్టూ తిరిగి, తామర పురుగుతో కుస్తీ పట్టి, చివరి కోత కోయించి, బస్తాలు లారీకెక్కించి గుంటూరు పంపించాడు. ఆ సాయంత్రం ఖాళీ కల్లంలో పట్టా పరుచుకుని, కాసేపు నడుం వాలుస్తానన్నాడు. నేను టీ పట్టుకెళ్ళేసరికి ఊపిరి లేదు. గుండె ఆగిందని పొదిలి డాక్టరు చెప్పాడు. నేను మాత్రం టీ గ్లాసు చేతిలో అలాగే పట్టుకుని, చెప్పాపెట్టకుండా ఇలా పోతారా ఎవరైనా అని ఆయన్ని తిట్టాను. చుట్టూ చేరినవాళ్ళు దాన్ని ఏడుపే అనుకున్నారు.

నా నోటి సంగతి ఊరందరికీ తెలుసు. ఇమ్మానుయేలు నోరు తెరవడు, రెబ్కా నోరు మూయదు అని మా వెనకాల నవ్వుకుంటారు. నిజమే. మాకు పిల్లల్లేరు. ఇంట్లో ఉన్నది ముగ్గురమే: ఆయన, నేను, ఆయన తల్లి జయకుమారి. మా అత్తకు ఆయన ఒక్కడే బిడ్డ. నేను కాపురానికొచ్చిన నాటి నుంచి ఆమె నాతో మాట్లాడేదంతా ఆయన ద్వారానే. నేను పక్కనే కూర్చుని తింటూ ఉంటే, "కూరలో ఉప్పు తగ్గించమని చెప్పరా మీ ఆవిడకి" అనేది. ఆయన నా వైపు తిరిగి నవ్వేవాడు. ఇప్పుడు మా ఇద్దరి మధ్య మాట మోసే మనిషి లేకుండా పోయాడు. ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు.

భూస్థాపన అయిన వారానికి యలమందయ్య వచ్చాడు. ఊరి సెంటర్లో పురుగుమందుల కొట్టు ఆయనది. మా ఆయనా ఆయనా ఒకే బళ్ళో చదువుకున్నారు. మంచం అంచున కూర్చుని, గోడ మీద ఫోటో చూసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు దొంగవని నేనను. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"కూడిక రోజున నోటు తిరగరాసుకుందాం చెల్లెమ్మా. పాతది వాడి పేరున ఉంది గదా."

మా ఊళ్ళో ఇదొక పద్ధతి. ఎవరైనా బాకీ ఉండి చనిపోతే, హిందువులకైతే పెద్దకర్మ రోజున, మాకైతే జ్ఞాపకార్థ కూడిక రోజున, భోజనాలయ్యాక పెద్దమనుషులు కూర్చుంటారు. రామమూర్తి మాస్టారు లేస్తారు. ఆయన ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గానీ పెద్దరికం నుంచి కాలేదు. "ఫలానావాడి బాకీ ఎవరిది?" అని అందరికీ వినపడేలా అడుగుతారు. ఇంటివాళ్ళు లేచి "మాది" అనాలి. అన్న వెంటనే పాత నోటు చింపేసి, కొత్త నోటు రాసి, స్టాంపు అంటించి, దాని మీద వాళ్ళ చేత సంతకం పెట్టిస్తారు. బిడ్డంటే వాడురా అని ఊరంతా మెచ్చుకుంటుంది. "మాది కాదు" అన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

"సంతకం నువ్వే పెట్టాలమ్మా" అన్నాడు యలమందయ్య. "మీ అత్త పేరున ఈ ఇల్లు తప్ప ఏముంది? నీ పేరునైతే ఎకరం ఉందిగా."

కనిగిరి రోడ్డులో ఉన్న ఆ ఎకరం మా అమ్మది. నాన్న పోయాక కూలికెళ్ళి, గొర్రెలు మేపి, ఒక్కో గొర్రెనూ అమ్మి కొన్న చెలక అది. మంచాన పడ్డాక కూడా ఆటోలో రిజిస్ట్రారాఫీసుకు వెళ్ళి నా పేరున రాసి వచ్చింది. మేం మిరప వేసిందంతా కౌలు పొలంలో. మాదని చెప్పుకోవడానికి భూమి అదొక్కటే. ఇక ముందు నేనూ మా అత్తా బతకాలన్నా అదే.

బాకీ నిజమే. విత్తనాలు, మందులు, కౌలు డబ్బు, అన్నీ యలమందయ్యే సర్దాడు. ఈ ఏడాది మిరప ధర పడిపోయింది. ధర లేస్తుందేమోనని మా ఆయన బస్తాలమ్మకుండా గుంటూరు ఏసీలో పెట్టించాడు. కోల్డ్ స్టోరేజీని మా వైపు ఏసీ అనే అంటారు. ఆ బస్తాలు, ఆయన తిరిగే మోటారు బండి అన్నీ అమ్మినా సగం బాకీ తీరదు. మిగతా సగానికి నేను సంతకం పెడితే మా అమ్మ ఎకరం యలమందయ్య చేతిలో పెట్టినట్టే.

యలమందయ్య వెళ్ళగానే మా అత్త వాకిట్లోంచి లోపలికొచ్చింది. నా కళ్ళలోకి చూసి, "సంతకం పెట్టు" అంది.

కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆమె నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

"పెట్టి ఏం తిందాం అత్తా?"

"గడ్డి తిందాం. నా కొడుకు బాకీ ఎగ్గొట్టి పోయాడని ఊళ్ళో అంటే నేను బతకలేను."

"పోయినాయనకి పేరు. ఉన్నోళ్ళకి పస్తులా?"

"నీకేమే, నువ్వు మీ అమ్మ భూమి చూసుకుంటావు. నాకు మిగిలింది వాడి పేరొక్కటే."

నేను ఇంకో నాలుగు మాటలు అనేదాన్నే. కానీ ఆమె గోడ మీది ఫోటోని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. అందుకని నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ.

ఆ రోజుల్లోనే రహమతున్నీసా అక్క వస్తూ పోతూ ఉండేది. మా చేలో కోతకొచ్చే ఆడవాళ్ళందరికీ మేస్త్రి ఆమె. వచ్చి మా అత్త దగ్గర కూర్చునేది, ఒకసారి చింతచిగురు తెచ్చేది, ఒకసారి ఊరికే వచ్చేది. చివరి కోత కూలి వాళ్ళకింకా ఇవ్వలేదు. బస్తాలు అమ్మగానే ఇస్తానని మా ఆయన చెప్పాడు. ఎండలో వంగి కాయలు కోసి, చేతులు మండుతుంటే మజ్జిగ పూసుకుని పడుకున్న ఆడవాళ్ళు వాళ్ళు. అక్క ఒక్కసారి కూడా కూలి ఊసెత్తలేదు. వాళ్ళకి నోటు లేదు, స్టాంపు లేదు. కూడిక రోజున మాస్టారు వాళ్ళ బాకీ ఎవరిదని అడగరు కూడా. ఆమె మజ్జిగ తాగి వెళుతుంటే నాకు తలెత్తుకోవడం కష్టమయ్యేది.

బస్తాలు బయటికి తీయాలంటే వారసులిద్దరూ కాగితాలతో రావాలని గుంటూరు ఏసీ గుమాస్తా ఫోన్లో చెప్పాడు. పిల్లల్లేని మనిషి కాబట్టి భార్య ఒకరు, తల్లి ఒకరు. ఆ మాట యలమందయ్యకి చెబితే, "గుంటూరు బ్రాడీపేటలో సందుకో లాయరు ఉంటారు చెల్లెమ్మా, రాయించుకు రండి. తొందరగా అయితే నాకూ మంచిదే" అన్నాడు. మమ్మల్ని లాయరు దగ్గరికి పంపింది ఆయనే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది.

ఆధార్ కార్డులు చూపించి పొదిలిలో బస్సెక్కాం. ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదనేసరికి మా అత్త కండక్టరుని రెండుసార్లు అడిగి మరీ నమ్మింది. ఇద్దరం పక్కపక్క సీట్లలో కూర్చుని చెరో కిటికీలోంచి చూసినట్టు చూశాం. కిటికీ ఒకటే ఉంది, అది ఆమె వైపు ఉంది. నేను ముందు సీటు చూశాను.

ముందు ఏసీకి వెళ్ళాం. గేటు దాటుతూనే ఘాటు గొంతులో పట్టుకుంది. హమాలీలు ముఖాలకు తువాళ్ళు చుట్టుకుని బస్తాలు మోస్తున్నారు. లోపల చలికి మా అత్త కొంగు కప్పుకుంది. గుమాస్తా టార్చి వేసి, వరసలో ఒకచోట ఆగి, "ఇవేనమ్మా మీవి" అన్నాడు. ప్రతి బస్తా మీదా నీలం రంగుతో "జ" అని రాసి ఉంది.

"జ ఏంటి?" అంది మా అత్త.

"నీ పేరే" అన్నాను. "మొదటి పంట నుంచీ అదే గుర్తు. రంగు పోయిన తాలు కాయలు ఏరింది నేను, టిక్కీ బస్తాల్లో కాయలు తొక్కి నింపుతుంటే పక్కన నిలబడింది నేను. గుర్తు మాత్రం వాళ్ళమ్మది."

కోపంగానే అన్నాను. కానీ ఆమె వినలేదు. బస్తా మీద చెయ్యి వేసి, ఆ నీలం అక్షరాన్ని తడుముతూ నిలబడింది. చలికి ఆ గోనె ఎంత చల్లగా ఉందో నాకు తెలుసు. ఆమె చెయ్యి తియ్యలేదు. దగ్గొచ్చిందని నేను బయటికి వచ్చేశాను. దగ్గు కాదు, ఏడుపే వచ్చింది.

బ్రాడీపేటలో ఆటోవాడు ఒక కోచింగ్ సెంటరు ముందు దింపాడు. దాని పైన మెట్లెక్కితే రాగసుధ అనే లాయరమ్మ ఆఫీసు. నాకంటే చిన్నది. కింద పిల్లలు ఏవో సూత్రాలు గట్టిగా వల్లె వేస్తుంటే, ఆమె అంతకంటే గట్టిగా మాట్లాడుతుంది. ఆ గొంతు వినగానే నాకు నచ్చేసింది. మా ఆధార్లు, మరణ ధ్రువీకరణ పత్రం చూసి రాసుకుంటూ అడిగింది.

"బస్తాలు అమ్మి ఏం చేస్తారు?"

"యలమందయ్యకి ఇస్తాం. చాలనిదానికి నోటు రాస్తాం."

పెన్ను ఆగింది. "ఎవరు రాస్తారు?"

"నేనే."

"ఎందుకు?"

ఎందుకంటే ఏం చెప్పను? అన్నం ఎందుకు తింటావని అడిగినట్టుంది. "మా ఊళ్ళో అంతేనండి" అన్నాను. కూడిక రోజు మాస్టారు అడిగే ప్రశ్న గురించి, "మాది" అనడం గురించి, ఎకరం గురించి మొత్తం చెప్పాను. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

"రెబ్కా గారూ, పాత నోటు మీద మీ సంతకం ఉందా? జామీనుగా గానీ, ఇంకోలా గానీ?"

"లేదండి. నన్నెవరూ అడగలేదు."

"అయితే ఆ బాకీ మీవారిది. ఆయన వదిలి వెళ్ళిన ఆస్తిలోంచి తీరాలి. ఆ ఆస్తి ఎంతవరకు వస్తే అంతవరకే. చాలకపోతే మీ సొంత భూమి అమ్మి తీర్చమని ఏ కోర్టూ అడగదు. కానీ ఒక్క సంగతి వినండి. కొత్త నోటు మీద సంతకం పెట్టారో, ఇక అది ఆయన బాకీ కాదు. మీ బాకీ. అప్పుడు ఆ ఎకరాన్ని నేను కూడా కాపాడలేను."

నాకు ఒళ్ళంతా తేలికైంది. పక్కకి చూస్తే మా అత్త ముఖం నల్లబడింది.

"అంటే నా కొడుకు ఎగ్గొట్టినట్టేగా తల్లీ?"

"ఎగ్గొట్టడమంటే ఉండి కూడా ఇవ్వకపోవడం మామ్మగారూ. ఆయనకున్నదంతా మీరు ఇచ్చేస్తున్నారుగా. బస్తాలు, బండి, ఏముంటే అది. అందులో దాచుకుంటే తప్పు. ఇచ్చేశాక తప్పేముంది?"

కింద పిల్లలు ఒక సూత్రం ముగించి ఇంకోటి అందుకున్నారు. ఇక లేద్దామని నేను సంచీ తీసుకుంటుండగా మా అత్త అడిగింది.

"మరి కూలోళ్ళకి?"

నేను తెల్లబోయాను. ఆ మాట నేను అడగాలి. కానీ పెళ్ళి కాక ముందు నుంచీ కోతలకు తిరిగిన మనిషి ఆమె. ఆమె చేతివేళ్ళకు ఇప్పటికీ ఆ ఎరుపు మరకలున్నాయి.

"చట్టంలో దానికొక వరస ఉంది" అంది లాయరమ్మ. "మొదట అంత్యక్రియల ఖర్చు, వైద్యానికైన ఖర్చు. తర్వాత ఈ కాగితాలకయ్యే ఖర్చు. ఆ తర్వాత, మనిషి పోవడానికి ముందు మూడు నెలల్లో పని చేసిన కూలీల కూలి. మిగతా బాకీలన్నీ వాళ్ళ వెనకే."

"నోటున్నోళ్ళ కంటే కూలోళ్ళు ముందా?"

"ముందే."

మా అత్త నా వైపు తిరిగింది. "ఎవరు రాశారో గానీ, కోతకెళ్ళినోళ్ళే రాసుంటారే" అంది.

నవ్వొచ్చింది నాకు. ఆయన పోయాక మొదటిసారి నవ్వాను. తిరుగు బస్సులో ఆమె కిటికీ సీటు నాకిచ్చింది.

ధర పెరిగేదాకా ఆగే ఓపిక మాకు లేదు. కాగితాలు రాగానే గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు అమ్మేశాం. డబ్బు తెచ్చిన సాయంత్రమే రహమతక్కని, ఆడవాళ్ళందరినీ పిలిచి, ఎవరి కూలి వాళ్ళ చేతిలో పెట్టాం. అక్క తన వంతు పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"యలమందన్న ఊరుకుంటాడా రెబ్కమ్మా? ముందు ఆయనకివ్వకుండా మాకిచ్చావని గొడవ చెయ్యడూ?"

"చేస్తే నాతో చేస్తాడు. నువ్వు తీసుకో అక్కా."

"నీతో గొడవంటే పాపం ఆయనకే కష్టం" అని కళ్ళు ఒత్తుకుంటూ నవ్వింది.

తెల్లారేసరికి ఊరంతా తెలిసిపోయింది. రెబ్కా బస్తాలమ్మి కూలోళ్ళకు పంచేసిందట, నోటు రాయదట. నీళ్ళ దగ్గర, కొట్టు దగ్గర మాట్లాడుకునేవాళ్ళు నన్ను చూసి ఆగేవాళ్ళు. యలమందయ్య మా ఇంటి వైపు రావడం మానేశాడు. కోపం నాకు పాత చుట్టం. భయమే కొత్త. ఊరంతా ఒకవైపు కూర్చున్నప్పుడు ఒక్కదాన్నే లేచి నిలబడాలంటే కాళ్ళు ఒప్పుకుంటాయా అని అనుకునేదాన్ని.

కూడిక రోజు రానే వచ్చింది. వాకిట్లో షామియానా వేశాం. పాస్టరుగారు ప్రార్థన చేశారు, పాటలు పాడారు, భోజనాలయ్యాయి. ఆకులు తీశాక పెద్దమనుషులు కుర్చీల్లో సర్దుకున్నారు. యలమందయ్య ముందు వరసలో కూర్చున్నాడు. బల్ల మీద పాత నోటు, దాని పక్కనే స్టాంపు అంటించిన కొత్త నోటు, పెన్ను. మాస్టారు లేచారు.

"ఇమ్మానుయేలు బాకీ ఎవరిది?"

లేచాను.

"ఇమ్మానుయేలుదే మాస్టారూ."

ఒక్కసారిగా గుసగుసలు మొదలయ్యాయి. మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అదేంటమ్మా, వాడు లేడుగా."

"ఆయన లేడండి. ఆయనకున్నది ఉంది." తెచ్చిన సంచీ బల్ల మీద పెట్టాను. "బస్తాలమ్మిన డబ్బు. భూస్థాపన ఖర్చు, కాగితాల ఖర్చు, కోత కూలి పోను మిగిలిందంతా. ఇదిగో బండి తాళం. మందు కొట్టే తైవాన్ పంపు వసారాలో ఉంది. ఆయనదని చెప్పుకునేది ఈ ఇంట్లో ఇంకేమీ లేదు. అన్నా, అంతా తీసుకో. ఆయన బాకీ ఆయనే తీర్చగలిగినంత తీర్చాడు. నేను మాత్రం సంతకం పెట్టను."

యలమందయ్య కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. ముఖం ఎర్రబడింది.

"ఇదేం న్యాయం? మా నాన్న పెద్దకర్మ రోజున ఈ మాస్టారే నన్ను అడిగారు. మీసాలు కూడా రాలా నాకప్పటికి. నాదే అన్నా. ఎడ్లమ్మా, మా అమ్మ గాజులమ్మా, కాలేజీలో సీటొస్తే మానుకున్నా. ఏళ్ళ తరబడి తీర్చా. నేను తీర్చలా? నేను మనిషిని కాదా? మందుల కంపెనీవాళ్ళు బాకీకి నా మెడ మీద కూర్చుంటే నేనెవరితో చెప్పుకోవాలి?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆయన కష్టం వింటే నాకు జాలేసింది. ఎంత జాలేసిందంటే, ఒక్క క్షణం చెయ్యి పెన్ను వైపు పోయింది. అప్పుడే, పాత నోటు మీద మీ సంతకం ఉందా అని లాయరమ్మ అడిగింది గుర్తొచ్చింది. లేదని చెప్పాను గానీ, అది ఎందుకలా జరిగిందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

"అన్నా, ఒక్క మాట చెప్పు. అప్పుడు నోటు రాసిన రోజున నా సంతకం ఎందుకు తీసుకోలా? ఎకరం నా పేరున ఉందని నీకు అప్పుడూ తెలుసుగా."

యలమందయ్య ఫోటో వైపు చూశాడు. ఆయన అబద్ధమాడే మనిషైతే అక్కడే ఏదో ఒకటి అనేసేవాడు.

"అడిగా" అన్నాడు చివరికి.

"మరి?"

"వాడొప్పుకోలా." గొంతు తగ్గింది. "మీ ఆవిడ చేత కూడా పెట్టించరా అంటే, వద్దన్నాడు. అది వాళ్ళమ్మ రెక్కల కష్టం, నా సేద్యం లాభమైనా నష్టమైనా నాది, ఆ ఎకరం జోలికి మాత్రం రామాకు అన్నాడు. నీకిష్టమైతే ఇయ్యి, లేకపోతే లేదన్నాడు. సర్లే అని ఇచ్చా."

ఇన్నాళ్ళూ ఆయన మీద పెంచుకున్న కోపమంతా ఏమైపోయిందో తెలియదు. చెప్పాపెట్టకుండా పోయాడని తిట్టానే, ఆయన చెప్పాల్సింది చెప్పాల్సినచోట చెప్పే పోయాడు. కుర్చీ వీపు పట్టుకుని ఏడ్చాను. ఊళ్ళోవాళ్ళు చూస్తారని కూడా అనుకోలేదు. ఈసారి అది అచ్చంగా ఏడుపే.

నేను మాట్లాడలేకపోయేసరికి మా అత్త లేచింది. నెమ్మదిగా బల్ల దగ్గరికి వెళ్ళి, స్టాంపు అంటించిన ఆ కొత్త నోటు తీసి, మడిచి, మాస్టారి చేతిలో పెట్టింది.

"విన్నారుగా అయ్యగారూ. నా కొడుకు నోరు తెరిచేదే తక్కువ. వాడు తెరిచి చెప్పిన మాట ఇది. దీన్ని కాదని నా కోడలి చేత సంతకం పెట్టించేవాళ్ళెవరో ముందుకు రండి, నేను చూస్తా."

ఎవరూ రాలేదు. యలమందయ్య బల్ల మీద సంచీ తీసుకున్నాడు, తాళం తీసుకున్నాడు. పాత నోటు మాస్టారి ముందుకు జరిపి, "చించెయ్యండి" అన్నాడు. మాస్టారు చించారు. మా ఊళ్ళో కొత్త నోటు లేకుండా పాత నోటు చిరగడం అదే మొదలు.

వెళ్ళబోతూ ఆయన మాస్టారి దగ్గర ఆగాడు. "అప్పుడు నాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు మాస్టారూ" అన్నాడు.

"నాకూ తెలియదురా" అన్నారు మాస్టారు.

వానలు పడ్డాక నేనూ మా అత్తా ఎకరంలో కంది వేశాం. విత్తనాలకు యలమందయ్య కొట్టుకే వెళ్ళాను. "నీకు అప్పివ్వను" అన్నాడు. "నేనడగను" అన్నాను. డబ్బు లెక్క చూసుకుని, ఒక పొట్లం ఎక్కువ వేసి, అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించాడు. ఇప్పుడాయన మా ఆయన బండి మీదే తిరుగుతాడు. ఆ చప్పుడు వినపడితే మొదట్లో గుండె జారిపోయేది. ఇప్పుడు అలవాటైంది. మా అత్త నాతో నేరుగానే మాట్లాడుతోంది. కూరలో ఉప్పు తగ్గించమని నా ముఖం మీదే చెబుతోంది. నేను తగ్గించడం లేదు.

కంది పూతకొచ్చిన రోజుల్లో వెంకటేశ్వర్లు అనే పత్తి రైతు పోయాడు. ఆయనకు ఒక్కతే కూతురు శ్రీదుర్గ, గుంటూరులో డిగ్రీ చదువుతోంది. పెద్దకర్మ భోజనాలకు నేనూ మా అత్తా వెళ్ళాం. ఆకులు తీశారు, పెద్దమనుషులు కుర్చీల్లో సర్దుకున్నారు. అందరికంటే ఎక్కువ బాకీ రావాల్సింది ఇక్కడా యలమందయ్యకే. మాస్టారు లేచి నిలబడ్డారు గానీ, ప్రశ్న అడగకుండా యలమందయ్య వైపు చూశారు.

శ్రీదుర్గ కూడా లేచింది. ముఖం పాలిపోయి ఉంది. "మా నాన్న బాకీ..." అని మొదలుపెట్టింది.

"ఆగమ్మా" అన్నాడు యలమందయ్య. ఆ అమ్మాయి ముందున్న పెన్ను తీసి తన జేబులో పెట్టుకున్నాడు. "నీ చదువు నువ్వు చదువుకో. మీ నాన్న బాకీ మీ నాన్ననే తీర్చనీ. ఆయనకేముందో రేపు కూర్చుని చూద్దాం."

తర్వాత జనం వైపు తిరిగి, గొంతు పెంచి అడిగాడు.

"ఆయన దగ్గర కూలి రావాల్సినోళ్ళు ఎవరన్నా ఉన్నారా? ముందు వాళ్ళు చెప్పండి."

మా ఊళ్ళో పెద్దమనుషుల ముందు ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగలేదు. మా అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెనక, ఆడవాళ్ళ వైపు నుంచి, రహమతక్క చెయ్యెత్తింది.